బస్సులకంటే ముందు పటం గీయించండి: రవాణా శాఖ మంత్రి గారికి పాలమూరు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

మహబూబ్‌నగర్ పురపాలక సంఘం 2025లో నగరపాలక సంస్థ అయింది. నగరమన్న పేరు వచ్చాక నగరానికి తగిన బస్సులు కూడా నేడో రేపో వస్తాయని ఇక్కడి జనం ఎదురుచూస్తున్నారు. ఆ బస్సులు రోడ్డెక్కే ముందే మీకొక విన్నపం చేసుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. ఈ ఊరికి ఎన్ని బస్సులు ఇవ్వాలన్నది తేల్చే ముందు, అవి ఏ దారుల్లో ఎంత వ్యవధితో తిరగాలో, ఒకదానితో ఒకటి ఎక్కడ కలవాలో, ఊరు మొత్తానికి కలిపి ఒకే పటంగా గీయించండి. ఆ పటాన్ని కంప్యూటర్ తెర మీద నడిపించి, ప్రజలకు చూపించి, వారు చెప్పింది విన్న తర్వాతే డిపోకు ఉత్తర్వులు ఇవ్వండి.

నేను డిగ్రీ విద్యార్థులకు భూగోళశాస్త్రం బోధిస్తాను. పట్టణాల పాఠం వచ్చినప్పుడు 'సిటీస్: స్కైలైన్స్' అనే కంప్యూటర్ ఆటను తరగతిలో ఆడిస్తుంటాను. ఫిన్లాండ్‌లోని కొలోసల్ ఆర్డర్ సంస్థ తయారుచేసిన ఈ ఆట 2015 మార్చిలో విడుదలైంది. అదే సంస్థ 2011లో 'సిటీస్ ఇన్ మోషన్' పేరుతో, ఊరికి బస్సులు, ట్రాములు, మెట్రోలు నడపడమే పనిగా ఉండే ఆటను తెచ్చింది కనుక, రవాణా సంగతిలో వారికి అప్పటికే చేయి తిరిగి ఉంది. ఆట అనగానే తేలిగ్గా తీసుకోవద్దని మనవి. ఐక్యరాజ్యసమితి ఆవాసాల సంస్థ 2012లోనే 'మైన్‌క్రాఫ్ట్' ఆట తయారీదారులతో కలిసి, పేదల బస్తీల్లో పార్కులు, మైదానాలు ఎలా ఉండాలో అక్కడివారి చేతనే ఆ ఆటలో కట్టించి చూసే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. కాగితం మీది ప్లాను చదవడం రానివారు కూడా తెర మీద కదిలే ఊరిని చూసి తమకేం కావాలో చెప్పగలరన్నది దాని వెనుక ఉన్న ఆలోచన.

విద్యార్థుల చేతికి ఈ ఆట ఇచ్చి ఊరికి బస్సులు వేయమంటే, మొదటిసారి దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. ప్రతి కాలనీ నుంచి ఒక లైను తీసి తీసుకెళ్లి బస్టాండులో కలుపుతారు. పటం మీద అది ఎంతో న్యాయంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఏ కాలనీనీ వదిలిపెట్టలేదు. కాసేపటికి ఊరి నడుమనున్న చౌరస్తాలో రంగురంగుల బస్సులు వరుసకట్టి నిలబడిపోతాయి, కొసల్లోనేమో బస్సులు ఖాళీగా తిరుగుతుంటాయి. తూర్పు కాలనీలో ఇల్లు, పడమటి కాలనీలో పని ఉన్న మనిషి మీద నొక్కి చూస్తే, అతడు బస్సు మానేసి కారు తీశాడని తెలుస్తుంది. నడుమ బస్టాండులో దిగి, మరో బస్సు కోసం నిలబడి, మళ్లీ వెనక్కి తిరిగి వెళ్లడం కంటే అతడికి అదే దగ్గర. అప్పుడు కొందరు విద్యార్థులు బస్సుల బడ్జెట్టు పెంచుతారు. చౌరస్తాలో వరుస ఇంకా పొడవవుతుంది. లైన్లను బస్టాండు దగ్గర తెగ్గొట్టకుండా ఊరి ఒక కొస నుంచి మరో కొసకు సాగదీసి, రెండు మూడు చోట్ల అవి ఒకదాన్నొకటి దాటేలా గీసినవారికి మాత్రం, అవే బస్సులతో ఊరంతా కదలడం కనిపిస్తుంది.

ఈ పాఠం పాలమూరుకు అక్షరాలా వర్తిస్తుంది. మన బస్టాండు బయటి ఊర్ల వైపు ముఖం పెట్టి పెరిగింది. హైదరాబాద్, రాయచూరు, కర్నూలు, వలస కూలీల కోసం ముంబై, పుణె వైపు బస్సులు. అవసరమూ అటే ఉండేది కాబట్టి అందులో తప్పు లేదు. అయితే ఈలోగా ఊరు అన్ని దిక్కులా పెరిగింది. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం రాయచూరు దారిలో ఉంది. 2016లో వచ్చిన వైద్య కళాశాల ఎదిర అనే చోట ఉంటే, దాని విద్యార్థులు నేర్చుకోవలసిన జనరల్ ఆసుపత్రి ఊరి నడుమ ఉంది. దివిటిపల్లిలో 2023లో ఐటీ టవర్ తెరిచారు. కొత్త కలెక్టరేట్ కూడా పాత ఊరికి దూరంగానే వెలసింది. వీటిలో ఏ ఒక్కటీ బస్టాండు పక్కన లేదు. హైదరాబాద్‌కు నేరుగా ఒక్క బస్సు ఎక్కి పోగలిగిన మనిషి, ఊళ్లోనే ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలంటే రెండు ఆటోలు మారవలసి వస్తోంది. చార్జీ రెండుసార్లు, ఎదురుచూపు రెండుసార్లు.

లైను పొడవు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర కొత్త బస్సు వేయడమంటే పాత బస్సును మరో కాలనీ మీదుగా తిప్పడమే అన్న అలవాటు ఉంది. పన్నెండు కిలోమీటర్ల దారి అనుకుందాం. ఊళ్లో బస్సు గంటకు సగటున 15 కిలోమీటర్లు పోతే, వెళ్లడానికి 48 నిమిషాలు, రావడానికి 48 నిమిషాలు, రెండు కొసల్లోనూ కలిపి సిబ్బందికి 12 నిమిషాల విరామం, వెరసి 108 నిమిషాలు. 12 నిమిషాలకొక బస్సు రావాలంటే తొమ్మిది బస్సులు చాలు. ఆ కాలనీ వారు అడిగారని, ఈ నాయకుడు అడిగాడని అదే దారిని వంకరలు తిప్పి 18 కిలోమీటర్లు చేస్తే, విరామంతో కలిపి పోయి రావడానికి 156 నిమిషాలు పడుతుంది, అదే వ్యవధికి 13 బస్సులు కావాలి. ఆ నాలుగు బస్సులు ఇవ్వలేకపోతే వ్యవధి 12 నిమిషాల నుంచి 17 దాటిపోతుంది. ఎవరికీ బస్సు తీసేయలేదు, అయినా అందరికీ సేవ తగ్గింది. ఆటలో ఈ లెక్కను కంప్యూటరే వేస్తుంది, లైను పొడవును బట్టి, బడ్జెట్టును బట్టి ఎన్ని బస్సులు కావాలో చూపిస్తుంది. లైనును ఒక వీధిలోకి లాగగానే ఆ అంకె మారుతుంది. ఈ ఒక్క సదుపాయం మన వార్డు సభల్లో ఉంటే, కాలనీ పెద్దలు 'మా వీధిలోకి బస్సు రావాలి' అని పట్టుబట్టకుండా, మెయిన్ రోడ్డు మీద ఆగే బస్సు త్వరత్వరగా వచ్చేలా అడుగుతారని నా గట్టి నమ్మకం. అయిదు నిమిషాలు నడిచేందుకు జనం వెనుకాడరు. ఎప్పుడొస్తుందో తెలియని బస్సు కోసం ఎండలో నిలబడడానికే వెనుకాడతారు.

ఆటలో మరో సంగతి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒకే లైనులో బస్సులు సమాన దూరంలో బయలుదేరినా, కొంతసేపటికి రెండు మూడు బస్సులు ఒకదాని తోక పట్టుకుని మరొకటి వస్తుంటాయి. ముందున్న బస్సు కాస్త ఆలస్యమైతే తర్వాతి స్టాపులో దాని కోసం జనం ఎక్కువవుతారు, వాళ్లు ఎక్కేసరికి అది ఇంకా ఆలస్యమవుతుంది. వెనుక బస్సుకు ఎక్కేవారే ఉండరు కనుక అది వేగంగా వచ్చి కలుస్తుంది. నిజమైన రోడ్డు మీద దీనికి డ్రైవరునో కండక్టరునో తప్పుపట్టడం మామూలైపోయింది, అది అన్యాయం. రైల్వే గేటు ఒక్కసారి పడితే చాలు, ఆ రోజంతా టైం టేబుల్ చెదిరిపోతుంది. కొసల్లో తగినంత విరామం, నడుమ ఒకచోట బస్సును రెండు నిమిషాలు ఆపి సర్దే ఏర్పాటు ముందే లెక్కలో పెట్టుకోవాలి.

ఇక మహాలక్ష్మి పథకం. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. నా తరగతిలో దాని విలువ నేను రోజూ చూస్తున్నాను. దేవరకద్ర, భూత్పూర్, జడ్చర్ల వైపు నుంచి వచ్చే ఆడపిల్లల హాజరు గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆటలో కూడా ఉచిత ప్రజారవాణా అనే విధానం ఉంది. దాన్ని అమలు చేయగానే స్టాపుల్లో జనం పెరుగుతారు, టికెట్ల రాబడి ఆగిపోతుంది. బస్సుల బడ్జెట్టు పెంచకుండా ఊరుకుంటే స్టాపుల్లో మనుషులు గుంపులు గుంపులుగా మిగిలిపోతారు. అంటే పథకం చెడ్డదని కాదు, దాని ఫలం పూర్తిగా అందాలంటే దాని వెనకాలే వ్యవధి కూడా తగ్గాలని. ఉచిత టికెట్ చేతిలో ఉన్నా సాయంత్రం బస్సు దొరక్క షేర్ ఆటోకు డబ్బులిచ్చి పోయే అమ్మాయికి, పథకం సగమే అందినట్టు.

షేర్ ఆటోల ప్రస్తావన వచ్చింది కనుక, ఈ ఆటలో లేనిదేమిటో కూడా నిజాయితీగా చెప్పాలి. అందులో ఆటోలు లేవు. పాలమూరులో నిజమైన సిటీ బస్సు సెవెన్ సీటరే. గడియారం చౌరస్తా దగ్గర ఉదయం ఎనిమిదిన్నరకు నిలబడి చూడండి: డ్రైవరు పక్కన ఇద్దరు, వెనుక సీట్లో నలుగురు, వారి కాళ్ల దగ్గర ఒక పల్లీల బస్తా, బయటికి వేలాడే ఒక టిఫిన్ డబ్బా, 'ఇంకొక్కరు, ఇంకొక్కరు' అనే కేక. ఆటలోని మనుషుల చేతుల్లో బస్తాలుండవు, చంకలో పిల్లలుండరు. కారుకు పార్కింగ్ దొరక్కపోతే ఆ మనిషి కారును మాయం చేసి నడిచి వెళ్లిపోతాడు. ఇల్లు అడ్డొస్తే ఒక్క నొక్కుతో కూలిపోతుంది. ఈ సౌకర్యాలు మన ఊరికి లేవు, ఉండకూడదు కూడా. కాబట్టి ఆట చెప్పిందే వేదమని నేను అనడం లేదు. ఆట వదిలేసిన ఆ ఆటోలనే మీ అధికారులు ముందుగా లెక్కపెట్టాలని కోరుతున్నాను. ఏ చౌరస్తా నుంచి ఏ చౌరస్తాకు, ఏ వేళలో, ఎంతమందితో ఆటోలు తిరుగుతున్నాయో చూస్తే ఊరికి ఏ లైన్లు కావాలో అక్కడే తెలిసిపోతుంది. ఇన్నేళ్లుగా డ్రైవర్లు తమ పెట్రోలు ఖర్చుతో ఈ సర్వే చేసి పెట్టారు. బస్సులు వచ్చాక వారి పొట్ట కొట్టకుండా, కాలనీల లోపలి నుంచి మెయిన్ రోడ్డు మీది స్టాపు దాకా జనాన్ని చేర్చే పనిలో వారికి చోటివ్వడం కూడా ఈ పటంలో భాగం కావాలి.

రైలును కూడా మరవవద్దు. ఈ రాష్ట్రంలో ప్రభుత్వ బస్సు 1932లో నిజాం రాష్ట్ర రైల్వేకు చెందిన రోడ్డు రవాణా విభాగంగా, 27 బస్సులతో పుట్టింది. రైలు దిగినవాడికి బస్సు అందాలన్నది మనకు కొత్త ఆలోచన కాదు. మహబూబ్‌నగర్ స్టేషన్‌లో ఉదయం, సాయంత్రం ఆగే రైళ్ల వేళలకు ఊరి లైన్లలో రెండింటినైనా జతచేయాలి.

కాబట్టి నేను కోరేది ఇది. ఉమ్మడి పాలమూరు డిపోల పరిధిలోని దారులు, స్టాపులు, బస్సుల వేళలు కంప్యూటర్ చదవగలిగే రూపంలో బహిరంగంగా పెట్టించండి. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ 2005లో గూగుల్‌తో కలిసి మొదలుపెట్టిన ఇలాంటి పద్ధతే ఇప్పుడు జీటీఎఫ్ఎస్ పేరుతో ప్రపంచమంతా వాడుకలో ఉంది, దానికి పెద్ద ఖర్చేమీ లేదు. తర్వాత నగరపాలక సంస్థ, డిపో మేనేజర్లు, ట్రాఫిక్ పోలీసులు, ఆటో యూనియన్లు, కళాశాలల విద్యార్థులు కలిసి కూర్చునే ఒక వర్క్‌షాపును విశ్వవిద్యాలయంలో జరిపించండి. రోడ్లకు సంబంధించిన అసలు లెక్కలకు ఇంజినీర్లు తమ సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు. జనంతో మాట్లాడడానికి మాత్రం ఈ ఆటే మేలు. డ్రైవర్లనూ కండక్టర్లనూ తప్పక పిలవండి, ఏ మలుపులో బస్సు తిరగదో వారికి తెలిసినంతగా ఏ తెరకూ తెలియదు. చివరగా, విశ్వవిద్యాలయం నుంచి ఊరి నడుమగా ఆసుపత్రి మీదుగా ఎదిర వైపు పోయే ఒకే ఒక్క లైనును, ఉదయం నుంచి రాత్రి దాకా మారని వ్యవధితో, ఒక విద్యా సంవత్సరం పాటు నడిపి చూడండి.

ఆటలో ఊరి ఎత్తుపల్లాలను పటంగా ఎక్కించుకునే వీలుంది. మా విద్యార్థులు ఆ పని చేసి, మహబూబ్‌నగర్ రోడ్లను, రైలు కట్టను అందులో గీసి పెట్టారు. మీ శాఖ అధికారులు ఎప్పుడు రమ్మన్నా ఆ ఫైళ్లు తీసుకుని, వాటిని గీసిన పిల్లలను వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక భూగోళశాస్త్ర అధ్యాపకుడు,
మహబూబ్‌నగర్