నెలసరి గతి తప్పితే నింద కోడలికేనా?

సంపాదకులకు నమస్కారం.

కోడలికి నెలసరి సరిగా రాదని తెలిస్తే చాలు, ఇక పిల్లలు పుట్టరని తేల్చేసే ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. ఇది అన్యాయం. 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా సాధారణమే. అంతకు మించి ఆలస్యమవుతుంటే అండం సరిగా విడుదల కావడం లేదేమో చూడాలి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య), థైరాయిడ్, పాలు వచ్చేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరగడం తరచుగా కనిపించే కారణాలు. వీటికి మందులున్నాయి. పీసీఓఎస్‌తో పాటు అధిక బరువు ఉన్నవారు 5 నుంచి 10 శాతం తగ్గినా, చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మరొకటి. భర్తకు వీర్యపరీక్ష చేయించకుండానే భార్యను ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిప్పుతారు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. పైగా ఆ పరీక్ష చాలా తేలిక. ఆమె పడే టెన్షన్ ఎవరికి పట్టింది?

పిల్లల కోసం ఏడాది ప్రయత్నించాక, భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే, డాక్టర్‌ను కలవమంటారు. నెలసరి గతి తప్పినవారు అంతవరకూ ఆగనక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దంపతులిద్దరినీ కూర్చోబెట్టి ఈ సంగతులు చెప్పేలా ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు వైద్యశాఖ శిక్షణ ఇవ్వాలని కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, ఖమ్మం