అమ్మ ఫోన్ అమ్మే మాట్లాడుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకీ నాన్నకీ పుట్టుకతోనే వినపడదు. ఇంటికి ఏ ఫోన్ వచ్చినా ఎత్తేది నేనే. పదేళ్ల వయసులో అమ్మ పరీక్షల రిపోర్టు కోసం ఆసుపత్రికి ఫోన్ చేశాను. డాక్టరు చెప్పింది విన్నాక అది అమ్మకి చేతులతో ఎలా చెప్పాలో తెలియక, ఏమీ లేదట అన్నాను. నా మొహం చూసి అమ్మ అబద్ధం పట్టేసింది. ఆ రిపోర్టు ఆవిడది. నాకన్నా ముందు ఆవిడకే తెలియాల్సిన సంగతి.

వీడియో రిలే సర్వీసు ఉంటే ఆ ఫోన్ అమ్మే చేసుకునేది. వినపడనివాళ్లు వీడియో కాల్‌లో దుబాసీకి సంజ్ఞా భాషలో చెబుతారు. దుబాసీ అవతలివాళ్లకి మామూలు ఫోన్ కలిపి ఆ మాటలు వినిపిస్తారు, జవాబును మళ్లీ సంజ్ఞల్లో చూపిస్తారు. విన్నది బయటపెట్టకూడదన్నది వాళ్ల వృత్తి నియమం. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం రిలే సేవల బాధ్యతను ఫోన్ కంపెనీల మీద పెట్టింది. 2000లో వీడియో రిలే కూడా అందులో చేరింది. ఖర్చు టెలికాం కంపెనీల నుంచి వసూలు చేసే నిధి భరిస్తుంది. వాడుకునేవాళ్లు ఈ సేవకి విడిగా ఏమీ కట్టక్కర్లేదు. కెనడాలో 2016లో మొదలుపెట్టారు, అమెరికన్, క్యూబెక్ సంజ్ఞా భాషలు రెండింటిలోనూ.

"మెసేజ్ పెట్టుకోవచ్చు కదా?" అని చాలామంది నన్ను అడుగుతారు. సంజ్ఞా భాషకి దాని వ్యాకరణం దానికుంది. అందులోనే పెరిగిన చాలామందికి రాసే భాష రెండో భాష. మా నాన్న రాసిన రెండు ముక్కలు చదివి ఆయనకి ఏమీ తెలియదనుకున్నవాళ్లని చూశాను. అదే సంగతి ఆయన చేతులతో చెబుతుంటే చూడాలి! పైగా గుండెలో నొప్పి వచ్చినప్పుడు ఎవరు టైప్ చేస్తూ కూర్చుంటారు? అంబులెన్సువాళ్లు అడిగేవాటికి వెంటవెంటనే జవాబు చెప్పాలి.

అయితే సర్వీసు పెట్టగానే పని అయిపోదు. రిలే కాల్ వస్తే ఏదో మార్కెటింగ్ కాల్ అనుకుని పెట్టేసేవాళ్లున్నారు. బ్యాంకుల్లో "ఖాతాదారుతోనే మాట్లాడతాం, మధ్యలో ఇంకొకరు కుదరదు" అంటారు. ఒకసారి అమ్మ ఖాతా పని మీద నేను ఫోన్ చేస్తే, అవతల ఉద్యోగి "మీరే ఆవిడనని చెప్పేయండి, అయిపోతుంది" అన్నారు. అమ్మ పక్కనే కూర్చుని నా పెదవుల వైపే చూస్తోంది. తన పేరు నా పేరని చెప్పి పని కానిచ్చాను. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, సంజ్ఞా భాష వాడకాన్ని ప్రభుత్వాలు అంగీకరించాలని, ప్రోత్సహించాలని చెబుతుంది. ఈ సర్వీసు లేని దేశాలు ఇకనైనా మొదలుపెట్టాలి. మంచి దుబాసీ తయారవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి శిక్షణ ముందే మొదలవ్వాలి. అత్యవసర నంబర్లకి రిలే ద్వారా కాల్ కలవాలి. రిలే కాల్‌ని ఆ ఖాతాదారు సొంత కాల్‌గానే లెక్కించాలని బ్యాంకులకి స్పష్టమైన నియమం పెట్టాలి.

బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో ఫోన్లు ఎత్తేవాళ్లకి నాదొక విన్నపం. "సంజ్ఞా భాష దుబాసీని మాట్లాడుతున్నాను" అని ఎవరైనా అంటే దయచేసి ఫోన్ పెట్టేయకండి. మీతో మాట్లాడుతున్నది మీ ఖాతాదారే, మీ పేషెంటే.

ఇట్లు,
ఒక పాఠకురాలు