ప్లేట్లు తుడిచారు సరే, గాలి మాటేమిటి?

సంపాదకులకు,

కరోనా భయం ఉన్నప్పుడు నలుగురూ కలవాలంటే ఆరుబయటే మేలు. నోటి నుంచి వెలువడే సూక్ష్మకణాలు అక్కడ గాలిలో కలిసి పల్చబడిపోతాయి. కానీ పిక్నిక్‌లకు వెళ్లేవారి జాగ్రత్తంతా డబ్బాలు, సంచులు తుడవడంలోనే అయిపోతోంది. తుడిచాక రెండు కుటుంబాలు ఒకే కారెక్కి, అద్దాలెత్తి, ఏసీ వేసుకుని బయల్దేరతాయి! వస్తువును తాకడం వల్ల వైరస్ సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువేనని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లోనే చెప్పింది. మూసిన కారు సంగతి అలా కాదు. ఎవరి బండిలో వాళ్లు రావాలి, కుదరకపోతే అద్దాలు దించాలి.

నీడకు వేసే గుడారంతోనూ ఇదే చిక్కు. నాలుగు వైపులా గుడ్డ దించితే అది గదే అవుతుంది. పైకప్పు మాత్రం ఉంచి పక్కలన్నీ ఎత్తి కట్టాలి.

మాస్కు తీసేది తినేటప్పుడే కాబట్టి దూరం లెక్క అక్కడే గట్టిగా చూసుకోవాలి. ఆరడుగుల దూరాన్ని ఒక చాప నడిమి నుంచి ఇంకో చాప నడిమికి కొలిస్తే సరిపోదు, జనం కూర్చునేది అంచుల మీద. అంచు నుంచి అంచుకు కొలవాలి. ఆరడుగుల చాపలు ఐదు వరసగా వేస్తే మొత్తం 54 అడుగుల జాగా కావాలి. అంత పొడవున ఈ చివర నుంచి ఆ చివరకు కేకలు వేసుకోవాల్సి వస్తుంది, కేకలతో తుంపరలూ పెరుగుతాయి. అర్ధచంద్రాకారంలో పరిస్తే మామూలు గొంతు చాలు.

ఎవరి తిండి, నీళ్లు వాళ్లే తెచ్చుకోవాలి. పంచుకోవాలనుకుంటే మాస్కు పెట్టుకున్న ఒక్కరే వడ్డించాలి, గరిటె చేతులు మారకూడదు. వైరస్ ధ్యాసలో పడి కడుపు సంగతి మరిచిపోతుంటారు. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. ఆలస్యంగా వచ్చేవారి కోసం మూతలు తీసి ఎదురుచూడొద్దు.

జిడ్డు చేతులకు శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాలి. కుళాయి బిగించిన డబ్బాలో మనిషికి రెండు లీటర్ల చొప్పున నీళ్లు పట్టుకెళ్తే ఇబ్బంది ఉండదు. శానిటైజర్ వాడితే ఆల్కహాల్ 60 శాతానికి తగ్గకూడదు, చేయి పూర్తిగా ఆరాకే పొయ్యి వెలిగించాలి.

గేటు దగ్గర జ్వరం చూసే తుపాకీని నమ్ముకోవద్దు. లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే వైరస్ అంటుకోగలదు. దానికన్నా వచ్చినవారి ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోవడం మేలు, తర్వాత ఎవరికైనా పాజిటివ్ వస్తే మిగతావారికి ఆ రోజే చెప్పొచ్చు.

ఇక పార్కులు నడిపేవారికి ఒక మాట. రద్దీ తగ్గించాలని ఒక్క గేటే తెరిస్తే గుంపంతా ఆ గేటు దగ్గరే చేరుతుంది. అన్ని గేట్లూ తెరవండి. పచ్చికపై చాపల చోట్లకు సున్నంతో గీతలు గీయించండి. గుడారాలకు అనుమతి ఇచ్చేటప్పుడే పక్కలు మూయరాదని షరతు పెట్టండి. మరుగుదొడ్ల కిటికీలు తెరిచి ఉంచండి. గేటుకో శానిటైజర్ స్టాండు పెట్టే ఖర్చుతో లోపల రెండు కుళాయిలు, సబ్బు ఏర్పాటు చేయించండి.

– ఒక పాఠకుడు