చెవిని వదిలేసి స్పెల్లింగు బట్టీ దేనికి?

సంపాదకులు గారికి నమస్కారం,

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. సాయంత్రాలు ప్రైమరీ పిల్లలకి ట్యూషన్ చెప్తుంటాను, ఎక్కువమంది తెలుగిళ్ళ పిల్లలే గానీ బళ్ళో ఒడియా మీడియమో ఇంగ్లీషు మీడియమో. పిల్లల ఇంగ్లీషు గురించి మీ పేపర్లో అప్పుడప్పుడు వస్తుంటుంది కదా, అందుకే ఒక్క విషయం రాస్తున్నా.

డిక్టేషన్ అంటే మాటల లిస్టు ఇచ్చి బట్టీ పట్టి రమ్మనడమే, ఏ బడి చూసినా ఇదే తంతు. పిల్లాడు బెల్లు, ట్రక్కు, స్విచ్చి అన్నాడంటే చాలు "చివర ఆ సాగదీతేటి, బెల్ అను" అని కసురుతారు. పలుకు దిద్దొద్దనట్లేదు, దిద్దండి, కానీ మాట చివర ఏ అక్షరాలు రాయాలో ఆ బెల్లు అనే అలవాటే చెప్తోంది, అది ఎవరికీ పట్టట్లేదు.

ఎలాగంటారా, బెల్లు, బిల్లు, మిల్లు, గ్రిల్లు అని పైకి అనండి. లకారం ఒత్తు పడుతోంది, ఇంగ్లీషులోనూ చివర రెండు ఎల్‌లు. ఇప్పుడు స్కూలు, స్టీలు, రైలు అనండి, ముందు దీర్ఘమో ఐ అనే సాగుడో ఉంది, ఒత్తు పోయింది, అక్కడా ఒక్క ఎల్లే. డ్రెస్సు, ప్రెస్సు, మెస్సుకి రెండు ఎస్‌లు. ఎగ్ పఫ్ఫుకి రెండు ఎఫ్‌లు, చీఫు, రూఫులకి ఒక్కటి. పొట్టి అచ్చు తర్వాత మన నోరు చివరి హల్లుని దానంతటదే ఒత్తుతుంది, ఇంగ్లీషువాడు కూడా అదే చోట ఇంకో అక్షరం పెడతాడు. క శబ్దానికైతే రెండు కేలు రాయడు, సీ పక్కన కే పెడతాడు, అంటే కిక్కు, లక్కు, ట్రక్కు. కేకు, బైకు, జోకు లాంటి సాగే మాటల్లో కే తర్వాత పలకని ఈ. ముందు ఇంకో హల్లు వినిపిస్తే, బ్యాంకు, మిల్కు, డెస్కు లాగా, ఒట్టి కే చాలు.

పిల్లలు ఎక్కువ తడబడేది బ్రిడ్జి, పేజీల దగ్గర. ఇంగ్లీషులో జే అక్షరంతో మామూలుగా మాట ముగించరు, అందుకని జీ పక్కన ఈ వస్తుంది, పొట్టి అచ్చు అయితే దాని ముందు డీ కూడా. బ్రిడ్జి, బ్యాడ్జి అంటున్నప్పుడు ఆ డకారం మన నోట్లోనే ఉంది, పేజీ, స్టేజీల్లో లేదు. ఫ్రిడ్జి సంగతి ఇంకా సరదా, రిఫ్రిజిరేటర్ అనే పూర్తి మాట స్పెల్లింగులో డీయే లేదు, ముక్క చేసి పొట్టి మాట చేశాక డీ వచ్చి కూర్చుంది! స్విచ్చి, క్యాచ్‌లకి టీ తగిలిస్తారు, కోచ్, బీచ్‌లకి అక్కర్లేదు, టార్చికీ అక్కర్లేదు ఎందుకంటే ముందు ఆర్ ఉంది. వీ తో కూడా మామూలుగా మాట ముగియదు, అందుకే గివ్, హ్యావ్, లవ్ అన్నిటికీ చివర ఈ.

ఇది గుడ్డిగా నమ్మొద్దు. బస్సు అని ఒత్తి అంటాం, రాసేది ఒక్క ఎస్. కప్పుకీ అంతే, ప, ట, డ, గ శబ్దాలకి చివర రెండేసి అక్షరాలు మామూలుగా రావు, ఈ డబల్ గోలంతా ఎఫ్, ఎల్, ఎస్, ఆపైన క, చ, జ శబ్దాలదే. బుక్కు, హుక్కుల్లో ముందు రెండు ఓ లు ఉన్నాయి గనక సీ రాదు. రిచ్, మచ్, సచ్, విచ్ (ఏది అని అడిగే మాట) అనే నాలుగూ టీ లేకుండా తిరుగుతాయి, వాటిని బట్టీ పట్టాల్సిందే. ఆ అని దీర్ఘం వినిపించే మాటలు ఇంకో ఇబ్బంది, లాకు, షాకు, క్లాసు, బాలు, స్టాఫు, లాడ్జి, వాచీ, మన చెవికి దీర్ఘమే గానీ అక్కడ పొట్టి అచ్చు లెక్కే నడుస్తుంది, సీ కే లో, డబలో, డీయో, టీయో వస్తుంది. టాక్, వాక్, హాఫ్‌లని మళ్ళీ ఇందులో కలపకండి, అక్కడ పలకని ఎల్ ఒకటుంది.

మా పిల్లలకి ఇది ఇంకా ఎందుకు కావాలంటే, మాట చివర ఒక్కో భాషది ఒక్కో పద్ధతి. ఇల్లుని ఒడియాలో ఘర అని రాసి ఘొరొ అని చివర ఒకారం పలుకుతారు, హిందీలో అలాగే రాసి ఘర్ అని ఆపేస్తారు, ఇంటికొస్తే తెలుగులో సున్నాతో అయ్యే మాటలు తప్పిస్తే అచ్చు లేకుండా మాట ఆగదు. ఎనిమిదేళ్ళ గుంటడు ఇవన్నీ ఒకే రోజులో నెగ్గుకొస్తున్నాడు, వాడి చెవి మొద్దు అంటే నేనొప్పుకోను.

1880లో ఈ ఊళ్ళోనే బడిపంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు సవరలనే గిరిజనుల నోట విని సవర భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాశారు. 1936లో మా ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజని, ఫొటోకి దండలు వేస్తాం, క్లాసులో మాత్రం ముందు వినిపించడం అనేదే లేదు.

మీ పిల్లల పేజీలో వారానికి ఒక చివరి శబ్దం తీసుకుని దాని మాటలన్నీ ఒకచోట వెయ్యండి, ఈ వారం సీ కే, పై వారం డీ జీ ఈ, పక్కనే ఆ లెక్కకి లొంగని మాటలు. మాటలు తెలుగు లిపిలో కూడా వేస్తే ఇంగ్లీషు రాని అమ్మలు కూడా ఇంట్లో పైకి చదివి పిల్లల చేత రాయించగలరు. ఇక్కడికి పేపరు పాతపట్నం వైపు నుంచి కాస్త లేటుగా వస్తుంది గానీ వస్తుంది, మేము కత్తిరించి దాచుకుంటాం.

ఇట్లు,
ఒక ట్యూషన్ మాస్టారు, పర్లాకిమిడి