అసలు ఫుటేజీ జిల్లాలోనే ఉండాలి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్వతంత్రంగా వీడియో పని చేసుకుంటున్నవాళ్లం నమస్కరించి రాస్తున్న లేఖ.

విషయం: జానపద కళల చిత్రీకరణను టెండర్ల నుంచి తప్పించి ఊళ్ల చేతికి ఇవ్వడం, జిల్లాలోనే వీడియో భాండాగారం పెట్టడం గురించి.

మంత్రి గారూ,

తప్పెటగుళ్లయినా, తూర్పు భాగోతమైనా, జముకుల కథయినా సర్కారు తరఫున చిత్రీకరణ అంటే ఇప్పుడు ఒకటే దారి. పని ఏజెన్సీకి వెళుతుంది. డ్రోను లేస్తుంది. రాత్రంతా ఆడిన ఆట మూడు నిమిషాల వీడియోగా యూట్యూబుకి ఎక్కుతుంది, బిల్లు పాసవుతుంది. ఏడాది పోయాక అసలు ఫుటేజీ ఎక్కడుందని అడిగితే చెప్పే మనిషి దొరకడు. ఆడినవాళ్ల ఇంట్లో దాని కాపీ ఉండదు. మేము అడిగేది ప్రధానంగా ఒక్కటే: తీసిన ప్రతి గంటా ఈ జిల్లాల్లోనే భద్రంగా ఉండాలి, దాన్ని ఎవరికి చూపాలో చెప్పే హక్కు ఆడినవాళ్లకు ఉండాలి.

పాశ్చాత్య ఆధిపత్యం అనగానే హాలీవుడ్ బొమ్మలు, ఇంగ్లీషు పాటలు గుర్తొస్తాయి. అవి కళ్లకు కనిపించేవి, వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. మాకు రోజూ పనిలో తగిలేది యంత్రం సెట్టింగుల్లో ఉంది. ఫోన్ కెమెరా పెట్టెలోంచి తీసినప్పుడు సెకనుకు 30 ఫ్రేములకు పెట్టి వస్తుంది. అది 60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికా లెక్క. మన కరెంటు 50 హెర్ట్జ్. మన ట్యూబులైటు, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకు వందసార్లు మినుకుతాయి. 1/60 షట్టర్‌తో, అంటే ఒక్కో ఫ్రేముకు సెకనులో అరవయ్యో వంతు సేపు వెలుగు పడేలా తీస్తే, ఆ మినుకు లెక్కకు కుదరక బొమ్మ మీద నల్లని పట్టీలు పాకుతాయి. 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే పోతాయి. జనరేటర్ మీద నడిచే పందిట్లో అదీ చాలదు. లోడు మారినప్పుడల్లా జనరేటర్ 50కి అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి ముఖాల మీదికి కొట్టే రెండు లైట్లయినా బ్యాటరీవి ఉండాలి.

ఇంకొకటి. యూరప్ కస్టమ్స్ వాళ్లు ఒకేసారి 30 నిమిషాలు, ఆపైన రికార్డు చేసే కెమెరాను వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు. ఆ సుంకం తప్పించుకోవడానికి కంపెనీలు ఫోటో కెమెరాలను 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయేలా చేశాయి. కొత్త మోడళ్లలో చాలావరకు ఆ అడ్డు తీసేశారు. మన ఊళ్లలో పెళ్లి వీడియోలు తీసేవాళ్ల చేతుల్లో ఉన్నవి మాత్రం పాతవే. సత్యభామ దరువు ఎత్తుకుంటుంది, నడి దరువులో కెమెరా ఆగిపోతుంది. ఎక్కడి పన్నుకో ఇక్కడి ఆట తెగింది. తీసే మనిషి గమనించి మళ్లీ నొక్కేసరికి చరణం దాటిపోయి ఉంటుంది.

ఆ తర్వాత హక్కుల గొడవ. ఊరుమ్మడి పాటను ఎవరో స్టూడియోలో పాడించి, యూట్యూబులో పాట ఎవరిదో యంత్రమే పోల్చి చూసే కంటెంట్ ఐడీలో నమోదు చేయించుకుంటారు. తరతరాలుగా ఆ పాట పాడుతున్న మేళం తన వీడియో పెట్టుకుంటే అది వాళ్లదంటూ క్లెయిమ్ వస్తుంది. అభ్యంతరం పెడితే అవతలివాళ్లు 30 రోజుల దాకా జవాబు చెప్పకుండా ఉండొచ్చు. క్లెయిమ్ ముదిరి వీడియో తీసేసే దాకా పోతే, తిరిగి పెట్టించుకోవడానికి ఇచ్చే నోటీసులో అమెరికా బయట ఉన్నవాళ్లు కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నామని రాసి ఇవ్వాలి. ఇది 1998 నాటి అమెరికా కాపీరైట్ చట్టం పెట్టిన షరతు. పలాస దగ్గర తప్పెట కొట్టే గొల్ల పెద్ద ఆ కాగితం మీద సంతకం పెడతాడా? పెట్టడు. తన పాట తానే తీసేసుకుంటాడు.

ఈ పోరు ఈనాటిది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు వచ్చాయి, తెలుగు ఊళ్లు కూడా వాటిలో ఉన్నాయి. కార్యక్రమాలు మనవే, ఉపగ్రహం మాత్రం నాసాది. గడువు తీరగానే దాన్ని వెనక్కి జరుపుకున్నారు. సమాచారం ఒకే దిక్కు నుంచి పారడం గురించి 1980లో యునెస్కోకు మెక్‌బ్రైడ్ కమిషన్ నివేదిక ఇచ్చింది. 1984 చివర్లో అమెరికా యునెస్కో నుంచే బయటికి నడిచింది. 2005లో అదే యునెస్కోలో సాంస్కృతిక వైవిధ్య రక్షణ ఒప్పందం ఓటుకు వస్తే 148 దేశాలు ఔనన్నాయి, అప్పటికి తిరిగి చేరిన అమెరికా, దాంతోపాటు ఇజ్రాయెల్ కాదన్నాయి. భారతదేశం 2006లో దాన్ని ఆమోదించింది. అంటే మేము అడిగేది దేశం ఇదివరకే ఒప్పుకున్న బాధ్యత.

దారి చూపినవాళ్లూ ఉన్నారు. 1967లో కెనడాలోని ఫోగో దీవి నుంచి జాలర్లను తరలించాలని ప్రభుత్వం ఆలోచిస్తున్నప్పుడు, వాళ్లు తమ మాట కెమెరా ముందు చెప్పారు. తీసింది ముందు తామే చూసి, సరేనన్నాకే బయటికి పంపారు. బ్రెజిల్‌లో 1986 నుంచి ఆదివాసీ ఊళ్లలో తీసింది తీసినట్టు ఆ ఊరికే వెంటనే చూపించే పద్ధతి నడిచింది. అంత దూరం పోనక్కర్లేదు, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దళిత మహిళా రైతులే కెమెరా పట్టారు. మనిషిని కింద నుంచీ కాక, పై నుంచీ కాక, కంటికి కన్ను సమానంగా ఉండే ఎత్తులో తీసే షాట్‌ను వాళ్లు సంఘం షాట్ అన్నారు. మన బృందాలకు మొదటి పాఠంగా అదే చెప్పాలి.

ఇక మన ఆటల సంగతి. తప్పెటగుళ్ల బృందంలో పదిహేను, ఇరవై మంది గుండ్రంగా తిరుగుతూ రొమ్ము మీది తప్పెట వాయిస్తారు, కాళ్లకు గజ్జెలుంటాయి. ఫోన్ మైకు ఈ మోతకు నిలవదు. ధ్వని స్థాయిని యంత్రమే సర్దే ఆటో గెయిన్ ఆన్‌లో ఉంటే దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు మునిగిపోయి, దెబ్బకీ దెబ్బకీ నడుమ జనం గోల పైకి తేలుతుంది. కాబట్టి గెయిన్ చేత్తోనే పెట్టాలి, గట్టి దెబ్బ కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. వలయానికి మూడు మీటర్ల అవతల, మనిషి తల కంటే ఎత్తులో రెండు మైకులు నిలపాలి. పాట ఎత్తుకునే పెద్దకు కాలర్ మైకు పెట్టే ఏజెన్సీలున్నాయి. తప్పెట ఉండేదే రొమ్ము మీద, ప్రతి దెబ్బా ఆ మైకుకే తగులుతుంది. చెవికి తగిలించే మైకు కావాలి. రికార్డు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలులో చేయాలి, స్టీరియోకు గంటకు సుమారు 1 జీబీ పడుతుంది. తక్కువ రేటు ఎంపీ3లో ముందు చచ్చిపోయేవి గజ్జెలే, నీళ్లు చిమ్మినట్టు చప్పుడు మిగులుతుంది. కళింగపట్నం వైపు గాలికి మైకు మీద బొచ్చు కవర్ లేకపోతే ఆ రికార్డు ఎందుకూ పనికిరాదు.

జముకు ఇంకా సున్నితం. దాని తీగ నాదం సాగుతూ, జారుతూ ఉంటుంది. ఫోన్లలో మాటల కోసం పెట్టిన నాయిస్ రిడక్షన్ ఆ నాదాన్ని రొద అనుకుని నరికేస్తుంది. దాన్ని ఆపేయాలి, ఆపడం కుదరని ఫోన్ వాడకూడదు. స్టూడియోకు తీసుకెళ్లాక ఇంకో ప్రమాదం ఉంది. శ్రుతిని యంత్రంతో సరిదిద్దే పిచ్ కరెక్షన్ పెడితే కథకురాలి గొంతు జారుళ్లన్నీ పియానో పన్నెండు మెట్ల మీదికి లాగబడతాయి. వినడానికి శుభ్రంగా ఉంటుంది, జముకుల కథ మాత్రం అందులో మిగలదు. ప్రభుత్వం డబ్బిచ్చే ఏ రికార్డింగుకూ పిచ్ కరెక్షన్ వాడకూడదని నిబంధన పెట్టండి.

తూర్పు భాగోతానికి రెండు కెమెరాలు చాలు. ఒకటి స్టాండు మీద కదలకుండా, తల నుంచి పాదం దాకా కనిపించేలా తెల్లవార్లూ నడవాలి. కుదుపు లేకుండా ఆపే గింబల్ పట్టుకుని చుట్టూ తిరిగే కెమెరా ముందుగా తెగ్గొట్టేది పాదాలను, అడుగులు కనిపించని భాగోతం నేర్చుకునేవాళ్లకు పనికిరాదు. రెండోది ముఖం, చేతులు, మద్దెల కోసం. ఎక్స్‌పోజర్, అంటే బొమ్మ వెలుగు, ఆటోలో వదిలితే కెమెరా తెల్ల పంచెను చూసి బొమ్మను చీకటి చేస్తుంది, నల్లని ముఖంలో కళ్లు కూడా కనిపించవు. ఫిల్ము రోజుల్లో కొడాక్ ల్యాబులకు రంగు సరిచూసుకోవడానికి పంపిన కార్డు మీద తెల్ల అమ్మాయి బొమ్మ ఉండేది. మన ఒంటి రంగు అప్పట్లోనూ వాళ్ల లెక్కలో లేదు. ముఖం మీద ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, పంచె కాస్త తెల్లబోతే పోనివ్వండి. విడిగా తీసిన ధ్వని, బొమ్మ రాత్రి గడిచేకొద్దీ కొద్దికొద్దిగా జరుగుతాయి కాబట్టి గంటకోసారి కెమెరా ముందు చప్పట్లు కొట్టాలి.

దాచడం దగ్గరే అందరూ ఓడిపోతారు. 1080లో సెకనుకు 50 మెగాబిట్ల రేటున గంటకు 22.5 జీబీ. రెండు కెమెరాలు, ఏడు గంటలు అంటే 315 జీబీ. ఏడాదికి 40 ప్రదర్శనలు తీస్తే 12.6 టీబీ, మూడు కాపీలకు దాదాపు 38 టీబీ. మెమరీ కార్డు భద్రపరిచే చోటు కాదు, వాట్సాప్‌లో పంపుకున్నది కాపీ కాదు. ఒక కాపీ శ్రీకాకుళంలో, ఒకటి విజయనగరంలో పెట్టాలి, మూడోది తీరానికి దూరంగా రాయలసీమలో ఉండాలి. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూశాక మూడు కాపీలూ ఇక్కడే పెట్టమని ఎవరూ అనలేరు. డిస్కులను ఏడాదికోసారి ఫైలు చెడిందో లేదో చెప్పే చెక్‌సమ్ అంకెతో సరిచూసి, అయిదేళ్లకోసారి కొత్తవాటికి మార్చాలి. ఈ తేమకు లెన్సుల లోపల బూజు పడుతుంది. కెమెరాలు సంచిలో కాక, తేమ 40 నుంచి 50 శాతంలో ఉండే మూత పెట్టెలో ఉండాలి.

సవర ఊళ్ల విషయం విడిగా మనవి చేస్తున్నాం. సీతంపేట 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది, సవరలు మాత్రం మెళియాపుట్టి, మందస వైపూ ఉన్నారు. భాండాగారం జిల్లా హద్దు చూసి వాళ్లను వదిలేయకూడదు. సబ్‌టైటిళ్లు సవర తెలిసినవాళ్లే రాయాలి. ఆ భాషకు నిఘంటువు, వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన నేల ఇది. మంగెయి గమాంగ్ 1936లో సవర భాషకు చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. తెలుగు లిపిలో కావాలన్న ఊరికి తెలుగు లిపి, ఆ లిపిలో కావాలన్న ఊరికి ఆ లిపి. ఫైలు యూటీఎఫ్-8లో దాచకపోతే రెండూ గళ్లు గళ్లుగా మారిపోతాయి.

ఒప్పుకోలు పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, వినిపించడాన్ని కూడా రికార్డు చేయాలి. అందులో ఇది ఊరికి మాత్రమే, ఇది భాండాగారంలో కూర్చుని చూడటానికే, ఇది అందరికీ అని మూడు మెట్లుండాలి. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ కళాకారుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఇస్తోంది. ఏజెన్సీ ఒప్పందాల్లో సర్వహక్కులూ అని ఒక్క వాక్యంతో ఆ హక్కును రాయించేసుకోవడం ఆపించండి. తీసింది మొదట ఆ ఊళ్లోనే తెర కట్టి చూపాలి. బహిరంగ ప్రదర్శనకు 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం సర్టిఫికెట్ అడుగుతుంది, 9వ సెక్షన్ కింద మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానిది. ఊరి ఆటను ఊరికే చూపుకోవడానికి ఆ మినహాయింపు కోరుతూ రాష్ట్రం తరఫున లేఖ వెళ్లాలి.

యూట్యూబును వదిలేయమని మేము అనడం లేదు. దుబాయిలో, చెన్నైలో ఉన్న మనవాళ్లు చూసేది అక్కడే. అక్కడికి వెళ్లేది కాపీ మాత్రమే కావాలి, అసలు ఇక్కడుండాలి. అసలు ఇక్కడుండి తేదీ, ఊరు, పాడినవారి పేర్లతో నమోదై ఉంటే, తప్పుడు క్లెయిమ్ వచ్చిన రోజున చూపడానికి ఆధారం ఉంటుంది. ఇప్పుడు మేళాలకు ఆ ఆధారమే లేదు.

మా అంచనా ప్రకారం ఒక బృందానికి రెండు కెమెరాలు, రికార్డరు, మైకులు, స్టాండ్లు, లైట్లు, డిస్కులు కలిపి సుమారు 3 లక్షల రూపాయలు. నాలుగు బృందాలు చాలు. అందులో సగం మంది కళాకారుల కుటుంబాల పిల్లలే కావాలి. ఎప్పుడు దరువు మారుతుందో వాళ్లకు తెలుసు, కెమెరా ఎటు తిప్పాలో చెప్పక్కర్లేదు.

వీటన్నిటికీ సమయం పట్టవచ్చు. క్యాసెట్లకు మాత్రం ఆ సమయం లేదు. 1980ల నుంచి జాతర్లలో, పెళ్లిళ్లలో తీసిన వీహెచ్ఎస్, మినీ డీవీ క్యాసెట్లు ఊళ్లలో అటకల మీద ఉన్నాయి. వాటిలో ఆడినవాళ్లు చాలామంది ఇప్పుడు లేరు. వీహెచ్ఎస్ డెక్కుల తయారీ ప్రపంచంలో 2016లోనే ఆగిపోయింది, ఉన్నవాటికి టేపును చదివే హెడ్లు అరిగిపోతున్నాయి. బూజు పట్టిన క్యాసెట్‌ను శుభ్రం చేయకుండా డెక్కులో పెడితే హెడ్ పాడవడమే కాక ఆ తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకూ బూజు అంటుతుంది కాబట్టి ఇంట్లో ఎవరూ తిప్పి చూడవద్దని ముందు పంచాయతీల ద్వారా చాటించాలి. గంట క్యాసెట్ ఎక్కించడానికి గంట పడుతుంది, దగ్గరి దారి లేదు. రెండు వీహెచ్ఎస్ డెక్కులు, ఒక మినీ డీవీ డెక్కు, తేమ లేని ఒక గది, ఇద్దరు మనుషులు ఉంటే పని మొదలవుతుంది. పెద్ద పథకం ఉత్తర్వు వెనక వచ్చినా ఫర్వాలేదు. ఈ గది ఉత్తర్వు వానలు పడకముందే ఇప్పించండి.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల స్వతంత్ర వీడియో పనివాళ్లు