రాబిన్సన్ కంటే ఏడాది ముందు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఉద్యోగరీత్యా అమెరికాలోని కొలంబస్‌లో ఉంటున్నా, మీ పత్రికను రోజూ ఈ-పేపర్‌లో చదువుతాను. ఇటీవల మీ క్రీడల పేజీ క్విజ్‌లో, అమెరికా ప్రొఫెషనల్ క్రీడల్లో నల్లజాతి ఆటగాళ్లను ఆడనివ్వని వర్ణ నిషేధాన్ని మొదట ఛేదించింది ఎవరని అడిగి, జవాబు జాకీ రాబిన్సన్, 1947 అని ఇచ్చారు. ఆధునిక బేస్‌బాల్ వరకే అడిగి ఉంటే పేచీ లేదు. అన్ని క్రీడలకూ కలిపి అడిగారు కాబట్టి ఈ ఉత్తరం.

1946లోనే అమెరికన్ ఫుట్‌బాల్‌లో (మన దగ్గర ఆడే ఫుట్‌బాల్ కాదు) నలుగురు ఆ గోడ దాటారు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోని లాస్ ఏంజెలెస్ రామ్స్ తరఫున కెనీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్. వేరే లీగ్‌లో ఉన్న క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ తరఫున మారియన్ మోట్లీ, బిల్ విల్లిస్. నిజానికి 'మొదట' అన్న మాటతోనే చిక్కు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 1933 దాకా నల్లజాతి ఆటగాళ్లు ఉన్నారు. ఆ తర్వాత పన్నెండు సీజన్లు ఒక్కరినీ తీసుకోలేదు.

ఈ నలుగురిలో విల్లిస్‌ది మా ఊరే. 1921లో కొలంబస్‌లో పుట్టారు. హైస్కూల్లో అన్నయ్య పేరున్న ఆటగాడు. తనను ఆయనతో పోలుస్తారన్న భయంతో, బంతి పట్టుకుని పరుగెత్తే స్థానం వదిలి లైన్‌మన్ అయ్యారట. లైన్‌మన్ అంటే ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లను ఢీకొట్టేవాడు. స్కోరు బోర్డులో అతని పేరు దాదాపు కనపడదు. మన కబడ్డీలో రైడర్ పేరు గుర్తుంటుంది కానీ, కాలు దొరకబుచ్చుకున్న కార్నర్ ఆటగాడి పేరు ఎంతమందికి గుర్తుంటుంది?

1946 ఆగస్టులో బ్రౌన్స్ శిబిరానికి వెళ్లిన విల్లిస్‌ను సెంటర్‌కు ఎదురుగా నిలబెట్టారు. సెంటర్ వంగి బంతిని కాళ్ల మధ్య నుంచి, వెనక నిలబడి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌కు అందిస్తేనే ఆట మొదలవుతుంది. బంతి అందీ అందకముందే విల్లిస్ క్వార్టర్‌బ్యాక్ ఆటో గ్రాహమ్ మీద పడేవారు. ముందే కదులుతున్నాడని సెంటర్ గోల పెడితే, కోచ్ పాల్ బ్రౌన్ స్వయంగా వంగి గీత వెంబడి చూశారు. ఏ తప్పూ లేదు. బంతి మీద సెంటర్ వేళ్లు బిగుసుకోవడం కనిపెట్టి, ఆ క్షణానికి లేస్తున్నారు, అంతే! వంద కిలోలు కూడా లేని మనిషి, తనకంటే బరువైనవాళ్ల మధ్య ఎనిమిది సీజన్లు నెగ్గుకొచ్చింది ఆ వేగంతోనే.

ఆ మొదటి సీజన్‌లోనే జట్టు మయామి వెళ్లాల్సి వచ్చింది. నల్లవాళ్లు తెల్లవాళ్లతో కలిసి ఆడకూడదని ఫ్లోరిడాలో ఆంక్షలు. పైగా చంపుతామన్న బెదిరింపులు. మోట్లీనీ, విల్లిస్‌నీ వెంట తీసుకెళ్లకుండానే ఆ మ్యాచ్ ఆడారు. ఆ ఏడాది ట్రోఫీ మాత్రం బ్రౌన్స్‌దే. 1950లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చిన తొలి ఏడాదే అక్కడా గెలిచారు. ఆ దారిలో న్యూయార్క్ జెయింట్స్‌తో ప్లేఆఫ్‌లో, గోల్ గీత వైపు దూసుకుపోతున్న జీన్ రాబర్ట్స్‌ను వెనక నుంచి తరిమి పట్టుకుంది విల్లిస్సే. ఆ మ్యాచ్ 8-3తో ముగిసింది. బంతితో గోల్ గీత దాటితే ఆరు పాయింట్లు కాబట్టి, ఆయన పట్టుకోకపోతే ఏమయ్యేదో లెక్క వేసుకోవచ్చు.

1977లో ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్లకు గౌరవంగా ఏర్పరచిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో విల్లిస్‌కు చోటు దక్కింది. ఆయన చదువుకునే రోజుల్లో ఆడిన ఒహాయో స్టేట్ యూనివర్సిటీ, ఆయన 99వ నంబర్ జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవంగా పక్కన పెట్టింది 2007 నవంబర్‌లో. అదే నెల 27న ఆయన కన్నుమూశారు.

రాబిన్సన్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అప్పట్లో అమెరికాలో బేస్‌బాల్‌కు ఉన్న పేరు ఫుట్‌బాల్‌కు లేదు, అందుకే ఆయన పేరే నిలిచింది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు మీ క్విజ్‌లను కత్తిరించి నోట్సులో అంటించుకుంటారు. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయగలరు. ప్రశ్నలో 'బేస్‌బాల్' అన్న మాట చేర్చినా చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొలంబస్, ఒహాయో