సిమ్ముకి ఆధార్ ఇచ్చాం కదా, ఏం ఆగింది?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఫేస్‌బుక్, ఇన్‌స్టా, యూట్యూబ్ ఏది వాడాలన్నా ఐడీ కార్డు పెట్టి వెరిఫై చేసుకోవాలని రూల్ తేవాలట, టీవీ డిబేట్లలో ఇదే మాట. 2026 జనవరిలో లోకేష్ గారు దావోస్‌లో 16 ఏళ్ళలోపు పిల్లలకి సోషల్ మీడియా ఆపేసే ఆస్ట్రేలియా లాంటి చట్టం ఆలోచిస్తున్నాం అన్నప్పట్నుంచి మా షాపుకొచ్చేవాళ్ళు కూడా మంచిదే కదా, ఫేక్ ఐడీలన్నీ పోతాయి అంటున్నారు. నాకైతే అలా అనిపించట్లేదు. పశ్చిమ గోదావరిలో ఒక మండల కేంద్రంలో జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతాను, పొద్దున లేస్తే నా చేతిలో పడేవి ఆధార్ కార్డులే, అందుకే నాలుగు ముక్కలు రాస్తున్నా.

ముందు సిమ్ముల సంగతి. సిమ్ కావాలంటే ఐడీ ఇవ్వాలి, వేలిముద్రో ఫోటోనో తీసుకుంటారు, ఒక మనిషికి 9 సిమ్ములకి మించి ఇవ్వకూడదని లెక్క కూడా ఉంది. ఇన్ని ఉన్నా కరెంటు బిల్లు కట్టలేదనీ, డిజిటల్ అరెస్టు చేశామనీ ఫోన్లు ఆగాయా? ఆ ఫోన్లు చేసేవాడి సిమ్ కూడా ఎవరో ఒకరి ఆధార్ మీదే ఉంటుంది, కానీ ఆ ఎవరో వాడు కాదు. వేలు సరిగ్గా పడలేదు మళ్ళీ పెట్టమ్మా అని రెండుసార్లు పెట్టించుకుని రెండో సిమ్ యాక్టివేట్ చేసుకునే వాళ్ళున్నారు. మా దగ్గరకొచ్చిన ఒక పెద్దావిడకి సంచార్ సాథీ సైట్లో ఆవిడ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూపిస్తే నోరెళ్ళబెట్టింది, ఆవిడ వాడేది ఒక్కటే మరి. రేపు సోషల్ మీడియాకీ ఐడీ అంటే ఇలాంటి ఆధార్ల మీదే అకౌంట్లు లేస్తాయి, తిట్టేవాడు హాయిగా తిడతాడు, పోలీసులు వచ్చేది ఈ పెద్దావిడ ఇంటికి.

అసలు తిట్టేవాళ్ళు పేరు దాచుకుంటున్నారని ఎవరన్నారు సార్. పార్టీల పేజీల కింద కామెంట్లు చూడండి, సొంత పేరు, సొంత ఫోటో, పక్కన నాయకుడి ఫోటో కూడా పెట్టుకుని మరీ ఆడవాళ్ళని రాయలేని మాటలు అంటున్నారు. పేరు తెలిస్తే సిగ్గుపడతారన్నది మనం అనుకునేదే.

దీన్ని నిజంగా చేసి చూసిన దేశం ఉంది, దక్షిణ కొరియా. 2007లో పెద్ద వెబ్‌సైట్లలో కామెంట్ పెట్టాలంటే అసలు పేరు, వాళ్ళ రెసిడెంట్ నంబరు (మన ఆధార్ లాంటిదే అనుకోండి) చూపించాలని చట్టం పెట్టారు. 2009లో గూగుల్ మేం అలా అడగం అని చెప్పి కొరియా యూట్యూబ్‌లో అప్‌లోడ్లు, కామెంట్లే ఆపేసింది, జనం సెట్టింగుల్లో దేశం మార్చుకుని మామూలుగా వాడుకున్నారు. 2011లో అక్కడి నేట్, సైవరల్డ్ సైట్లు హ్యాక్ అయ్యి దాదాపు మూడున్నర కోట్ల మంది వివరాలు పోయాయి, దేశ జనాభాయే 5 కోట్లు. చివరికి 2012 ఆగస్టులో వాళ్ళ రాజ్యాంగ కోర్టు జడ్జీలందరూ ఒకే మాట మీద ఆ చట్టాన్ని కొట్టేశారు, చెడ్డ రాతలు చెప్పుకోదగ్గట్టు తగ్గిందీ లేదు, జనం మాత్రం విదేశీ సైట్లకి పోయారు అన్నారు. అయిదేళ్ళు చేసి వదిలేసిన పని మనం ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నాం.

మన దగ్గర ఏమీ పోదు అనేవాళ్ళకి ఒక విషయం. 2018లో మన రాష్ట్ర హౌసింగ్ కార్పొరేషన్ వెబ్‌సైట్లోనే లక్షా ముప్పై వేలకి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు అందరికీ కనపడేలా ఉన్నాయని పేపర్లలో వచ్చింది. వాటిని ఎవడూ హ్యాక్ చెయ్యలేదు, ఊరికే అలా పెట్టేశారు. నా సంగతే చెప్తా, ప్రింట్ తియ్యండన్నా అని జనం ఆధార్ ఫోటోలు మా షాపు వాట్సాప్‌కి పంపుతారు, ఊళ్ళో ఎవరు ఎప్పుడు పుట్టారో ఎక్కడుంటారో మొత్తం నా ఫోన్లో ఉంటుంది. షాపు కట్టేసేటప్పుడు డిలీట్ కొడతా, అందరూ కొడతారా? పెద్ద కంపెనీలదీ ఇదే కథ, 2025లో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో వయసు నిరూపించుకోడానికి జనం పంపిన ఐడీ ఫోటోలు సుమారు 70 వేల మందివి బయటపడ్డాయి, అవి పోయింది కూడా పని అప్పజెప్పిన ఇంకో కంపెనీ దగ్గర్నుంచి.

మరి పేపరుకి ఉత్తరం రాస్తే పేరు, అడ్రసు అడగరా అని మా బావమరిది వాదించాడు. అడుగుతారు, నేనూ రాశాను. కానీ అది మీ ఆఫీసులో ఒకరి దగ్గర ఉంటుంది, వద్దంటే మీరు వెయ్యరు. నా అడ్రసు ఎవరి దగ్గరుందో మీరు చెప్పగలరు, నా ఆధార్ బొమ్మ ఏ దేశంలో ఏ కంప్యూటర్లో ఎన్నేళ్ళు ఉంటుందో ఆ యాప్ వాడు చెప్పడు కదా. చాలామంది ఆడపిల్లలు డీపీలో గులాబీ పువ్వు పెట్టుకుని వేరే పేరుతో ఉన్నది ఎవర్నో మోసం చెయ్యడానికి కాదు, ఫోటో మార్ఫింగ్ చేస్తారని భయం, ఇంట్లో తెలిస్తే చదువు మానిపిస్తారని భయం. రాత్రిపూట ఇసుక లారీలు పోతున్నాయని వీడియో పెట్టే కుర్రాడికి ఉన్న భయం గురించి వేరే చెప్పాలా.

పిల్లల గురించి అయితే నేనూ ఒప్పుకుంటా, ఎనిమిదో క్లాసు పిల్లలు రాత్రి పన్నెండింటి దాకా రీల్స్ చూస్తున్నారు, ఇది చిన్న సమస్య కాదు. కానీ వాళ్ళు చూసేది అమ్మ ఫోన్లో, అమ్మ అకౌంట్లో. ఐడీ అడిగితే అమ్మదే చూపిస్తారు, అయిపోయింది. అందరూ ఆస్ట్రేలియా ఆస్ట్రేలియా అంటున్నారు గానీ 2025 డిసెంబర్ 10 నుంచి అమలైన ఆ చట్టంలో ప్రభుత్వ ఐడీ ఒక్కటే దారి అని కంపెనీలు పట్టుబట్టకూడదు, వేరే దారి కూడా చూపించాలి అని రాసుంది. మాట వినని కంపెనీకి దాదాపు 5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా ఫైన్, పిల్లలకీ తల్లిదండ్రులకీ ఏ ఫైనూ లేదు. ఈ ముక్క మన డిబేట్లలో ఎవరూ చెప్పరెందుకో.

ఉన్న రూల్స్ సంగతి చూడండి. ఒకమ్మాయి నగ్న ఫోటోనో మార్ఫింగ్ ఫోటోనో పెడితే ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసెయ్యాలని 2021 ఐటీ రూల్స్‌లోనే పెట్టారు, 2026 ఫిబ్రవరి నుంచి అది 2 గంటలకి తగ్గించారు. మా షాపులో సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టించుకున్న ఒక ఇంటివాళ్ళు వారాల తరబడి స్టేషన్ చుట్టూ తిరిగారు. పెట్టినవాడెవడో వాళ్ళకి మొదటిరోజే తెలుసు, అదే వీధి.

అందుకని మీకో విన్నపం, మీ విలేకరులు జిల్లా సైబర్ పోలీసుల దగ్గరకెళ్ళి ఇలాంటి కంప్లైంట్లు ఏడాదికి ఎన్నొచ్చాయి, అందులో అకౌంట్ ఎవడిదో దొరక్క ఆగినవి ఎన్ని, దొరికీ ఆగినవి ఎన్ని అని అడిగి ఆ లెక్క వెయ్యండి. ఐడీ కావాలో వద్దో అది చూశాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని, పశ్చిమ గోదావరి జిల్లా
(పేరు, అడ్రసు విడిగా రాశాను, ప్రచురించొద్దు)